కుడిపక్క రంధ్రాలు

జూన్ 3

మా మరదలికి,

నేను ఫోను చేయడం, నా గొంతు వినగానే తమ్ముడు ఏడవడం, వాడి ఏడుపు విని నేను ఏడవడం, మధ్యలో నువ్వు ఫోను పట్టుకుని నిలబడటం, ఇది ఇక చాలు. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన మనిషితో ఫోనులో మాట్లాడటం ఇద్దరికీ శిక్షే. ఉత్తరమైతే నువ్వు మెల్లగా చదివి వినిపిస్తావు, అర్థం కాకపోతే మళ్ళీ చదువుతావు. అందుకే కాగితం పట్టాను. నా రాత కోడి గెలికినట్టుంటుంది, ఓపిక పట్టు.

అసలు సంగతికొస్తాను. వాడిని కంపెనీలోంచి తీసేశారని నువ్వు చెప్పినప్పటి నుంచీ మా ఆఫీసులో పెద్దాయన చుట్టూ తిరుగుతున్నాను. మా దగ్గర ఒక గది నిండా పాత కాగితం డ్రాయింగులున్నాయి. వాటిని ఒక్కొక్కటే కంప్యూటర్లో మోడళ్ళుగా తయారుచేయాలి. ఇంట్లో కూర్చుని చేసుకునే పని, అయినా డిజైనరు ఉద్యోగమే. పెద్దాయన చివరికి మెత్తబడ్డాడు. "మీ తమ్ముడు ఎంత పనివాడో నాకు తెలుసమ్మా. జబ్బు చేశాక ఎలా ఉన్నాడో తెలియదు. మూడు పనులిస్తాను, చేసి చూపించమను. బాగుంటే ఆ కుర్చీ అతనిదే" అన్నాడు. మొదటి డ్రాయింగు దీంతోపాటే పెట్టాను. మోటారు బిగించే బ్రాకెట్టు. పూర్వం ఇక్కడ మాతో పనిచేసినప్పుడైతే వాడు టీ చల్లారేలోపు చేసి అవతల పడేసేవాడు.

ఇక్కడి నుంచి వాడికి చదివి వినిపించు.

తమ్ముడూ, కుడి చెయ్యి పోయిందని మూల కూర్చోకు. మన పనిలో సగం ఎడమ చేతిదే. ప్రతిదానికీ మెనూల్లో దూరి వెతుక్కునేవాడికి పొద్దంతా చేసినా పని తెమలదు. గీత, వృత్తం, కొలత, రంధ్రం, ఎక్కువ వాడేవాటికి ఒక్కో కీ పెట్టుకో. అన్నీ కీబోర్డుకి ఎడమ పక్కనే ఉండాలి, చెయ్యి జరపకుండా వేళ్ళకి అందాలి. కొన్నాళ్ళు మౌసు మీ ఆవిడ పట్టుకుంటుంది. తర్వాత ఎడమచేత్తో నువ్వే నేర్చుకుందువుగాని. మొదటి గీత ఎప్పుడూ మూలబిందువు దగ్గరే మొదలుపెట్టు. నీలం గీతలు అలాగే వదిలేసే పాడు అలవాటు ఇకనైనా మానుకో. నీలంగా ఉందంటే దానికి కొలత చాలలేదని, ఎవరు ముట్టుకున్నా జరిగిపోతుందని. కొలతలు సరిపోయి అన్నీ నల్లబడ్డాకే కుర్చీలోంచి లేవాలి.

నువ్వు మళ్ళీ పనిలో కూర్చుంటే చూడాలని ఉందిరా. అంతకంటే నాకేమీ అక్కర్లేదు.

మీ ఇద్దరి మీదే ధ్యాసంతా పెట్టుకున్న
వదిన


జూన్ 17

వదిన గారికి,

మీ ఉత్తరం మీ తమ్ముడు మళ్ళీ మళ్ళీ చదివించుకున్నారు. కోడి గెలికిన రాతని చూసి నేను నవ్వితే "కాదు" అన్నారు. ఇప్పుడు ఆయనకి ఉన్న మాటలు రెండే. బాగుంటే "ఊఁ", లేకపోతే "కాదు". కాదు అన్నది మటుకు పూర్వం కంటే గట్టిగానే అంటున్నారు.

కంప్యూటరు బల్ల గదిలో కిటికీ దగ్గర వేయించాను. కిటికీ ఆయనకి ఎడమన ఉంటుంది. ఆయన మధ్యలో కూర్చుని ఎడమచేత్తో కీలు నొక్కుతారు. మౌసు కుడిపక్కన కాబట్టి నేను కుడిపక్కన కుర్చీ వేసుకున్నాను. నేను పనిచేసే అచ్చాఫీసు వాళ్ళు ప్రూఫులు ఇంటికి తెచ్చుకోనిచ్చారు, పొద్దున అవి దిద్దుకుని మధ్యాహ్నం దీని ముందు కూర్చుంటున్నాం. ఆయన పాత డ్రాయింగు మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూపిస్తారు. చూపించింది చేస్తాం. నీలం గీత నల్లబడినప్పుడల్లా నాకు ప్రూఫులో తప్పు దొరికినంత సంతోషంగా ఉంటోంది. బ్రాకెట్టు పూర్తయింది, పంపిస్తున్నాను.

ఒక్క మాట మీకే రాస్తున్నాను, ఇది ఆయనకి వినిపించను. ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర నుంచీ ఆయన నావైపు చూడటం లేదు. అంతసేపు పక్కనే కూర్చుంటానా, ఒక్కసారైనా ముఖం తిప్పరు. కిటికీలోకి చూస్తారు, గోడని చూస్తారు. ఎదురుగా నిలబడితే నా భుజం మీదుగా ఎటో చూస్తారు. భోజనం పెడితే సగం తిని పళ్ళెం తోసేస్తారు. నా చేత చేయించుకోవడం నామోషీగా ఉందో, నా మీదే మనసు విరిగిందో తెలియదు. మాటలుంటే అడిగి తేల్చుకునేదాన్ని. మీరు ఆయన్ని చిన్నప్పటి నుంచీ ఎరిగినవారు, మీకు ఏమనిపిస్తోందో రాయండి.

ఉంటాను,
మీ మరదలు


జూన్ 29

మరదలికి,

ముందు వాడికి వినిపించు.

తమ్ముడూ, మోడల్ తెరవగానే కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఒక్క నీలం గీత లేదు! ఇన్నేళ్ళు నేను నెత్తీనోరూ బాదుకున్నా రాని బుద్ధి ఇప్పుడొచ్చింది. స్క్రీనుకి ఎడమవైపు కనిపించే పనుల వరుసలో ప్రతిదానికీ పేరు కూడా పెట్టావు. "మోటారు పాదం", "బిగింపు రంధ్రం", "చేతికి గీసుకోకుండా అంచు గుండ్రం". పెద్దాయనకి చూపించి మురిసిపోయాను. అంచుల గుండ్రాలు అన్నిటికంటే ఆఖర్న పెట్టడం కూడా బాగుంది, ముందే పెడితే తర్వాత ఏ కొలత మార్చినా అవి చెదిరిపోతాయి.

కానీ ఇదేమిట్రా? కుడిపక్క రెండు రంధ్రాలు ఏమయ్యాయి? పాత డ్రాయింగులో కొట్టొచ్చినట్టు కనపడుతున్నాయి కదా! ఇంత శుభ్రంగా చేసి చివర్లో తొందర. ఈ తొందరే నీ కొంప ముంచుతుంది. పెద్దాయన ఒక్కసారికి పోనిచ్చాడు, రెండోసారి పోనివ్వడు. ఇకనుంచి పంపేముందు బరువు చూసుకో. పాత డ్రాయింగులో బరువు రాసి ఉంటుంది, మోడల్ని అడిగితే అదీ తన బరువు చెబుతుంది. రెండూ కలవకపోతే ఎక్కడో ఏదో మర్చిపోయావన్నమాట. రెండో పని పంపుతున్నాను, గేరుపెట్టె మూత. బుద్ధిగా చెయ్యి.

ఇక ఇది నీకు, అమ్మాయ్. వాడు నిన్ను చూడకపోవడానికి నువ్వేమీ చేయలేదు. మా ఇంట్లో మగవాళ్ళందరికీ అలక నరనరానా ఉంది. చేతకానప్పుడు ఎవరైనా పక్కన ఉంటే ముఖం తిప్పుకుంటారు. మా నాన్న జ్వరంలో కూడా గోడవైపే తిరిగి పడుకునేవాడు. నువ్వు వాడి నెత్తిన కూర్చోకు. మౌసు వాడికే ఇచ్చి, కాసేపు ఒంటరిగా వదిలిపెట్టి చూడు. పనిలో పడ్డాడంటే వాడే తిరిగి చూస్తాడు.

ధైర్యంగా ఉండు,
వదిన


జూలై 9

వదిన గారికి,

మీరు చెప్పినట్టే చేశాను. మౌసు ఆయన ఎడమచేతికి ఇచ్చి, మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టి, ప్రూఫులు ఇచ్చి రావడానికి అచ్చాఫీసుకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి గ్లాసు కింద పడి ముక్కలైంది. ఆయన గది బయట గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. నాకోసమో, చీపురు కోసమో లేచినట్టున్నారు. కుడి భుజం తలుపు చట్రానికి కొట్టుకుని తోలు లేచిపోయింది. కుడికాలికి గాజుపెంకు గుచ్చుకుని నెత్తురు కారుతుంటే ఆయనకి తెలియనుకూడా తెలియలేదు. ఒంటరిగా వదిలేస్తే ఇదీ జరిగింది.

స్క్రీను మీద గేరుపెట్టె మూత ఉంది. సగమే ఉంది. సరిగ్గా మధ్యగీత దాకా ఎంతో అందంగా చేసి అక్కడితో ఆపేశారు. "ఇంకా ఉంది కదండీ" అంటే "ఊఁ" అన్నారు, అయిపోయిందన్నట్టు.

వదినా, మీరు పొగిడిన నల్లగీతలు ఆయనవి కావు. నావి. మౌసు ఇన్నాళ్ళూ నా చేతిలోనే ఉంది. ఆ పేర్లు కూడా నేను పెట్టినవే, అచ్చాఫీసు అలవాటు. ఆయన వేలు చూపించింది నేను గీశాను. కుడిపక్క రంధ్రాలు నాకు కనపడ్డాయి. "ఇవో?" అని అడిగాను. అటు చూడకుండానే ఊఁ అని, ముందుకి పొమ్మని చేత్తో చూపించారు. ఆ రంధ్రాలు ఎందుకో నాకేం తెలుసు, ఆయనకి తెలుసు కదా, అక్కర్లేనివేమో అనుకున్నాను. పొగడ్త వినిపించినప్పుడు ఆయన తల దించుకున్నారు. తిట్లు దాటేద్దామనుకున్నాను. నా గొంతు ఆగగానే పసిగట్టి "కాదు కాదు" అని పూర్తిగా చదివించుకున్నారు. ఆ పూట భోజనం ముట్టలేదు. ఇక ముందు తిట్టాలనుంటే నన్ను తిట్టండి.

అలక అన్నారు. మీ నాన్నగారి అలక సంగతి నాకు తెలియదు. నేను కాపురానికి వచ్చిన దగ్గర నుంచీ ఈయన ఒక్క పూట కూడా అలిగి ఎరగరు.

ఇట్లు,
మీ మరదలు


జూలై 14

అమ్మాయ్,

నీ ఉత్తరం చదివి నాకు కోపం రావాలి. రాలేదు, భయం వేసింది. తిట్టినందుకు సిగ్గుపడుతున్నాను, ఆ మాట తర్వాత నేనే వాడితో చెప్పుకుంటాను. ముందు ఇది చూడు.

బ్రాకెట్టులో లేనివి కుడిపక్క రంధ్రాలు. మూతలో లేనిది కుడి సగం. దెబ్బ తగిలింది కుడి భుజానికి. గ్లాసు నువ్వు ఏ పక్కన పెట్టావో రాయలేదు గానీ, మౌసు ఎడమకి మార్చావు కాబట్టి కుడిపక్కనే పెట్టి ఉంటావు. పళ్ళెంలో వదిలేసే సగం ఏ సగమో చూశావా? ఇది తొందర కాదు, అలకా కాదు. వాడికి కుడివైపు కనపడటం లేదు. కనపడటం లేదన్న సంగతి కూడా వాడికి తెలియదు. తెలిసినా చెప్పడానికి మాటెక్కడుంది?

ఈ ఉత్తరం వాడికి వినిపించకుండా ముందు ఒక పని చెయ్యి. పాత బ్రాకెట్టు మోడల్ తెరువు. చూపుని వెనక్కి మార్చు, వస్తువు వెనక నిలబడి చూస్తున్నట్టు. అప్పుడు కుడిది ఎడమకి వస్తుంది. ఏమీ చెప్పకు, వాడు ఏమంటాడో చూడు. పళ్ళెం కూడా అలాగే తిప్పి చూడు. ఆ వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు.

మూత సంగతి. రెండు పక్కలా ఒకేలా ఉండేదాన్ని ఎవరూ పూర్తిగా గియ్యకూడదు. సగం గీసి, మధ్యలో ఒక తలం పెట్టి, అద్దంలో చూపించినట్టు రెండో సగం మెషీను చేతే చేయించాలి. శ్రమ సగం, తప్పులూ సగం. తర్వాత ఎడమన కొలత మారిస్తే కుడిది దానంతటదే మారుతుంది. వాడు చేసిన సగం అంత బాగుంటే పని అయిపోయినట్టే. ఒక్క పక్కనే ఉండే నూనె రంధ్రం లాంటివి మాత్రం చూపు తిప్పి విడిగా పెట్టండి.

ఇంకొకటి. నువ్వు కూర్చునేది ఏ పక్కనో ఒక్కసారి ఆలోచించుకో తల్లీ.

వదిన


జూలై 27

వదినా,

మోడల్ వెనక్కి తిప్పాను. ఆయన మొదట ఊరికే చూశారు. తర్వాత ఉలిక్కిపడి రంధ్రాలు లేనిచోట స్క్రీనుని వేలితో పొడుస్తూ "కాదు! కాదు! కాదు!" అన్నారు. ఎవడు చేశాడీ పని అన్నట్టుంది ఆ కోపం. ఆఫీసులో కుర్రాళ్ళని కేకలేసేటప్పుడు ఇలాగే ఉండేవారని మీరు చెప్పేవారు, ఇప్పుడు చూశాను. భోజనంలో పళ్ళెం తిప్పగానే కొత్తగా వడ్డించాననుకుని సంతోషంగా మిగతా సగం తినేశారు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఇన్నాళ్ళూ ఆకలితోనే లేచారు కదా.

డాక్టరుగారు పరీక్ష చేసి నిజమేనన్నారు. కళ్ళు బాగానే ఉన్నాయట, చూసింది అందుకునే చోట మెదడు దెబ్బతిన్నదట. ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఈయన జవాబు చెప్పలేక అది బయటపడలేదు. తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోవద్దన్నారు. కావాలని కుడివైపుకి తల తిప్పి చూడటం అలవాటు చేయించమన్నారు. ఎంత చెప్పినా ఈయన తిప్పరు, ముఖం చిట్లిస్తారు. తన లెక్కలో అటువైపు ఏమీ లేదు. లేనివైపుకి తిరగమంటే ఎవరు తిరుగుతారు?

కుర్చీ ఎడమకి మార్చుకున్నాను. మౌసు మా ఇద్దరి మధ్యకి వచ్చింది. కూర్చోగానే ఆయన నా ముఖం చూశారు. చాలాసేపు చూశారు. చెవి దగ్గర తెల్లబడిన జుట్టు ముట్టుకుని, ఇదెప్పుడు అన్నట్టు కనుబొమలెత్తారు. నన్ను వద్దనుకున్నారని ఎన్ని రోజులు కుమిలిపోయానో మీకొక్కరికే తెలుసు. మనసు విరగలేదు వదినా. అదొక్కటి తేలింది, చాలు.

మూత పూర్తయింది. ఎడమ సగం ఆయనది, అద్దం పెట్టడం నాది. నూనె రంధ్రం చూపు తిప్పి ఆయనే చూపించారు. బరువు కూడా కలిసింది. మౌసు పట్టింది నేనని, ఆయనకి కుడివైపు కనపడదని పెద్దాయనకి ఉన్నదున్నట్టు చెప్పేయండి. దాచిపెట్టి తెచ్చుకున్న ఉద్యోగం మాకొద్దు. చెప్పి, అయినా ఆయనకే ఇమ్మని అడగండి.

మీ మరదలు


ఆగస్టు 8

అమ్మాయ్,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు.

పెద్దాయనకి అంతా చెప్పాను. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి విన్నాడు. మూత మోడల్ తిప్పి తిప్పి చూశాడు. "పని బాగుందమ్మా, నేను కాదనను. కానీ డిజైనరు అంటే డ్రాయింగు షీటు మొత్తానికీ జవాబు చెప్పాల్సినవాడు. సగం చూసే మనిషి మాట మీద నేను ఇనుము కోయించలేను. రేపు ఆ మూత ఊడి ఎవరి చెయ్యో నలిగితే ఎవర్ని అడగను?" అన్నాడు. నేను అరిచాను. బతిమాలాను. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాక, ఆయన కుర్చీలో నేనున్నా అదే అనేదాన్నని తెలిసింది. అది తెలిశాకే ఎక్కువ ఏడుపొచ్చింది.

తమ్ముడికి ఉద్యోగం లేదు. నీకు ఇస్తానన్నాడు. గీసే పని నీది, సరిచూసే పూచీ నాది. జీతం తక్కువే, కానీ ఏ నెలా ఆగదు. మూడో పని నీ పేరునే చెయ్యాలి. బేరింగు గూడు మోడల్ మా దగ్గర తయారుగా ఉంది, దాన్నుంచి వర్క్‌షాపుకి వెళ్ళే షీటు తియ్యాలి. మొదట ముందునుంచి, పైనుంచి, పక్కనుంచి కనిపించే చూపులన్నీ షీటు మీద సర్దుకుని ఆ తర్వాతే కొలతలు పెట్టు. ఏ కొలతా చేత్తో టైపు చెయ్యకు, మోడల్లోంచే లాగు, లేకపోతే రేపు మోడల్ మారినా షీటు అబద్ధం చెబుతూనే ఉంటుంది. కుడివైపు కింద మూల చిన్న గడులుంటాయి. గీసినవారి గడిలో నీ పేరు, సరిచూసినవారి గడిలో నా పేరు రాయి. మోడల్లాగా షీటుని వెనక్కి తిప్పి చూపించడం కుదరదు, అక్షరాలు తారుమారవుతాయి. కాబట్టి ఇందులో వాడిని కష్టపెట్టకు.

వాడికి నువ్వే చెప్పాలి. నేను రాసినా చదవాల్సింది నీ నోరే కదా. ఆ బరువు నీ మీద వేస్తున్నందుకు నా మీద కోపం పెట్టుకో.

వదిన


ఆగస్టు 21

వదినా,

చెప్పాను. ఎడమపక్కన కూర్చుని, ఆయన ముఖం చూస్తూ చెప్పాను. ఉద్యోగం నాకిచ్చారని, మీకు ఇవ్వలేదని, ఎందుకివ్వలేదో కూడా చెప్పాను. కాదు అంటారనుకున్నాను. లేచి వెళ్ళి పడుకున్నారు. ఆ తర్వాత బల్ల దగ్గరికి రావడం మానేశారు. మీ మాట పట్టుకుని షీటు నేనొక్కదాన్నే తీశాను. పూర్వం నీలం గీత నల్లబడితే కలిగిన సంతోషం ఈసారి ఏ కొలత పెట్టినా కలగలేదు.

నిన్న అచ్చాఫీసులో పెద్ద కాగితం మీద ముద్రించుకొచ్చి బల్ల మీద పరిచాను, ప్రూఫు చూసినట్టు ఆఖరుసారి చూసుకుందామని. నేను పిలవలేదు. ఆయనే వచ్చి కూర్చున్నారు. ఎడమ అంచున వేలు పెట్టి, ఒక్కో కొలత మీదా ఆగుతూ మధ్యగీత దాకా వచ్చారు. అక్కడ ఆగిపోతారని తెలిసి నేను కిటికీలోకి చూస్తూ కూర్చున్నాను. కాగితం మీద వేలు జరుగుతున్న చప్పుడు ఆగలేదు. చూద్దును కదా, ఆయన తల తిప్పుతున్నారు. మెడనరాలు బిగబట్టి, గడ్డం కుడి భుజానికి ఆనేంతగా తిప్పారు. డాక్టరుగారు చెప్పినా, నేను బతిమాలినా చేయని పని.

వేలు కింద మూల గడుల దాకా వెళ్ళింది. నా పేరు మీద ఆగింది. పక్కన మీ పేరు మీద ఆగింది. ఆ పైన, ఆ కింద, ప్రతి గడిలోనూ తన పేరు కోసం వెతికింది. లేదు. వదినా, ఆ కాస్త సేపట్లో నేను ఈ ఉద్యోగం వదిలేద్దామనే అనుకున్నాను.

ఆయన తల వెనక్కి తిప్పలేదు. వేలు ఆ మూల నుంచి కుడి అంచు వెంబడే పైకి ఎక్కింది, మెల్లగా, ఒక్కో గీతనీ తడుముతూ. బేరింగు కూర్చునే గుంట దగ్గర ఆగి, అక్కడే రెండుసార్లు కొట్టింది.

"కాదు" అన్నారు.

ఆ గుంటకి వ్యాసం కొలత పెట్టడం మర్చిపోయాను. కుడిపక్క, అంచుకి దగ్గరగా. మూడుసార్లు చూసుకున్నా నాకు కనపడలేదు.

పెట్టాను. మళ్ళీ ముద్రించి తెచ్చి చూపించాను. మళ్ళీ తల అంతదాకా తిప్పి చూసి "ఊఁ" అన్నారు. షీటు ఇప్పుడు పంపుతున్నాను. ఒక రోజు ఆలస్యమైంది, ఎందుకైందో పెద్దాయనకి చెప్పండి.

మీ మరదలు